22 నెలల బాబు మీద వేడి చాయ్ పడింది, బొబ్బలు లేచాయి: ఇప్పుడేం చేయాలి, ఇంట్లో ఏం మార్చాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. దేవరకొండ దగ్గరి ఊరు, బాబుకు 22 నెలలు, బరువు 11 కిలోలు. నిన్న సాయంత్రం అప్పుడే దించిన చాయ్ గిన్నెను లాగితే కుడి చేతి మీద మోచేతి మడత దాకా, కొంత ఛాతీ మీద పడింది. మీ అత్తమ్మ కంగారులో టూత్‌పేస్టు రాసింది. రాత్రి ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ తెల్లటి క్రీమ్ పూశారు. తెల్లారేసరికి బొబ్బలు లేచాయి. వాటిని పగలగొట్టాలా, ఏ మందు పూయాలి, మచ్చ మిగులుతుందా, మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. ఈ రోజే ఆస్పత్రిలో చూపించండి, రేపటికి పెట్టుకోకండి. చేయి, ఛాతీ కలిపితే గాయం బాబు అరచేతి కంటే పెద్దది. కీలు మడత కూడా కాలింది. వయసు రెండేళ్లు నిండలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా డాక్టర్ చూడాల్సిందే. బొబ్బలు ఇంట్లో పగలగొట్టకండి. కొత్తగా ఏమీ పూయకండి. ఎండి అంటుకున్న పేస్టును గోకి తీయకండి. శుభ్రమైన నీళ్లు మెల్లగా పోస్తే ఊడినంత ఊడుతుంది, మిగిలింది డ్రెస్సింగ్ రూమ్‌లో నొప్పి మందు ఇచ్చి తీస్తారు.

ప్రయాణానికి గాయాన్ని కప్పాలి. వంటింట్లో గిన్నెల మీద కప్పే పలుచటి ప్లాస్టిక్ పొర (క్లింగ్ ఫిల్మ్) ఉంటే పైచుట్టు కాస్త తీసి పారేసి, లోపలిది గాయం మీద పొరలాగా పరచండి. చేతి చుట్టూ బిగించి చుట్టకండి, వాపు పెరిగితే రక్తం ఆడదు. అది లేకపోతే ఉతికి ఎండేసిన పాత నూలు ధోవతి గుడ్డను వదులుగా కప్పండి. దూది పెట్టొద్దు, పోగులు గాయంలో ఇరుక్కుంటాయి. టీకాల కార్డు వెంట తీసుకెళ్లండి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్ పడిందో లేదో డాక్టర్ అడుగుతారు, ధనుర్వాతం ఇంజెక్షన్ కావాలా వద్దా అన్నది దాని మీదే తేలుతుంది.

నొప్పికి పారాసిటమాల్ ఇవ్వొచ్చు. కొలత బరువును బట్టి ఉంటుంది, వయసును బట్టి కాదు: కిలోకు 15 మిల్లీగ్రాములు, 6 గంటల ఎడంతో, రోజుకు 4 సార్లకు మించకుండా. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు అవుతుంది. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 125 అని ఉంటే 6 మిల్లీలీటర్లు, 250 అని ఉంటే 3 మిల్లీలీటర్లు. మీ బాబుకూ ఈ కొలత చాలు. చుక్కల మందు సీసా వేరు, అందులో ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్ అనుకుని దాన్ని 6 మిల్లీలీటర్లు పోస్తే నాలుగింతల మందు లోపలికి పోయినట్టు, కాలేయం దెబ్బ తింటుంది. సీసా మీది అంకె చదవకుండా పోయకండి. మూడు నెలల లోపు పసికందుకు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. ఆస్పిరిన్ పిల్లలకు ఏ వయసులోనూ వద్దు.

ఇక కాలిన ఆ నిమిషంలో ఏం చేయాలో చెప్తాను. ఇది ఇంటిల్లిపాదికీ తెలియాలి, ముఖ్యంగా పగటిపూట పిల్లల దగ్గరుండే నాయనమ్మలకు, అమ్మమ్మలకు.

నీళ్లు. 20 నిమిషాలు. గడియారం చూసి. వేడి వస్తువు తీసేసినా చర్మం లోపల చేరిన వేడి కింది పొరలను కాలుస్తూనే ఉంటుంది. ధారగా పడే చల్లటి నీళ్లు ఆ వేడిని లాగేస్తాయి, గాయం లోతుకు దిగకుండా ఆపుతాయి, నొప్పినీ తగ్గిస్తాయి. రెండు నిమిషాలు పోసి ఏడుపు ఆగగానే మానేయడం మేం ఎక్కువగా చూసే పొరపాటు. మొదట ఎవరికీ తోచకపోయినా, కాలిన 3 గంటల లోపు ఎప్పుడు మొదలుపెట్టినా ఉపయోగం ఉంది. మీ బాబుకు ఆ సమయం దాటింది కాబట్టి ఇప్పుడు గంటలకొద్దీ తడపాల్సిన పని లేదు.

మన దగ్గర ఒక చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, పాలమూరు మేడల మీద ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. నల్లా తిప్పి బిడ్డ చేతిని దాని కింద పెడితే మళ్లీ కాల్చినట్టే. ముందు మీ మణికట్టు మీద పోసి చూసుకోండి. మోటారు వేసి నేరుగా బోరు నీళ్లు, నీడన ఉన్న డ్రమ్ము నీళ్లు, రంజన్ నీళ్లు మేలు. ఫ్లోరైడ్ నీళ్లని వెనకాడకండి, చర్మం చల్లబరచడానికి అవి పనికొస్తాయి. నీళ్లు తక్కువుంటే బిడ్డను టబ్బులో నిలబెట్టి చెంబుతో గాయం మీదుగా సన్నటి ధార పోయండి. చెయ్యో కాలో అయితే బకెట్‌లో ముంచి ఉంచొచ్చు. తడిగుడ్డ ఆఖరి దారి, అది కూడా రెండు నిమిషాలకోసారి మార్చాలి, లేకపోతే గుడ్డే వేడెక్కుతుంది.

ఐసు గడ్డ వద్దు, ఫ్రిజ్‌లోంచి తీసిన మంచు నీళ్లూ వద్దు. రక్తనాళాలు ముడుచుకుపోయి, బతికి ఉన్న చర్మం కూడా చచ్చిపోతుంది. ఇంకో జాగ్రత్త: పసిపిల్లల ఒళ్లు ఇట్టే చల్లబడిపోతుంది. గాయం మీద నీళ్లు పోస్తూనే మిగతా ఒళ్లంతా పొడి దుప్పటిలో ఉంచండి. వణుకు వచ్చినా, పెదాలు నీలం తిరిగినా, మగతగా ఉన్నా నీళ్లు ఆపి వెచ్చగా కప్పండి.

నీళ్లు పోస్తుండగానే పైబట్టలు విప్పండి. వేడి చాయ్ పీల్చుకున్న బనీను, డైపరు ఒంటి మీద ఉన్నంతసేపూ కాలుతూనే ఉంటుంది. గాజులు, ఉంగరం, కాళ్ల పట్టీలు, మొలతాడు, తాయెత్తు ఏది ఉన్నా మొదటి పది నిమిషాల్లోనే తీసేయండి. వాపు వచ్చాక రావు, కోయాల్సి వస్తుంది. చర్మానికి అతుక్కుపోయిన నైలాన్ బట్టను మాత్రం లాగకండి, చుట్టూ కత్తిరించి అక్కడిది అలాగే వదలండి.

పేస్టు, పసుపు, నెయ్యి, ఇడ్లీ పిండి, కోడిగుడ్డు తెల్లసొన, సిరా, కాఫీ పొడి, కలబంద, ఉప్పు: ఇంటికొకటి పేరు చెప్తారు. మీ అత్తమ్మను ఏమీ అనకండి, బిడ్డ ఏడుపు చూడలేక చేసిన పని అది. కానీ వీటివల్ల మూడు నష్టాలు. వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. చర్మం ఊడిన చోట క్రిములు చేరతాయి. అన్నిటికంటే ముఖ్యం, గాయం రంగు కనబడదు, ఎంత లోతు కాలిందో డాక్టర్‌కు తెలియాలంటే ముందు దాన్నంతా కడిగి తీయాలి, ఆ నొప్పి బిడ్డే పడాలి. బర్నాల్, తెల్లటి సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము కూడా మొదటి పరీక్ష కాకముందు పూయకండి. ఆ తెల్ల క్రీము చెడ్డదని కాదు, కాలిన గాయాల వార్డుల్లో వాడే మందే. అయితే పూసిన కాసేపటికి గాయం మీద తెల్లటి పొర కడుతుంది, లోతు తేల్చడం కష్టం. రెండు నెలల లోపు పిల్లలకు, సల్ఫా మందులు పడని వాళ్లకు అసలే వద్దు.

ఇంట్లోనే చూసుకోవచ్చా, ఆస్పత్రికి పోవాలా అన్నది మూడు విషయాల మీద ఉంటుంది: ఎంత మేర, ఎంత లోతు, ఎక్కడ. మేరకు కొలబద్ద బిడ్డ చెయ్యే. వేళ్లతో కలిపి బిడ్డ అరచేయి వైశాల్యం ఒంట్లో దాదాపు 1 శాతం. మీ చెయ్యి కాదు, బిడ్డ చెయ్యి. వేడి తగిలి ఊరికే ఎర్రబడిన చోటును లెక్కలోకి తీసుకోవద్దు, బొబ్బలున్నదీ చర్మం ఊడిందీ లెక్క. ఒక అరచేయి దాటితే డాక్టర్‌కు చూపించాలి. ఐదు దాటితే పిల్లల డాక్టర్, సర్జన్ ఇద్దరూ ఉన్న పెద్ద ఆస్పత్రి. పది దాటితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. అంత కాలితే ఒంట్లోని నీరు రక్తనాళాల్లోంచి కారిపోయి బిడ్డ షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితిలోకి, వెళ్తుంది, సెలైన్ ఎక్కించాలి. బిడ్డ మొదట్లో ఏడుస్తూ చురుగ్గానే కనబడుతుంది, కొన్ని గంటల తర్వాత ఒక్కసారిగా నీరసిస్తుంది. అది చూసి బయల్దేరదామనుకుంటే ఆలస్యమైపోతుంది.

లోతు సంగతి: ఎర్రగా, తడిగా, నొప్పిగా ఉండి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పైపొరల గాయం. తెల్లగా, గోధుమ రంగులో, తోలులాగా గట్టిగా ఉండి, తాకినా బిడ్డకు నొప్పి లేకపోతే లోతుగా కాలింది. చాలామంది నొప్పి లేదు కదా, తగ్గుతోంది అనుకుంటారు. నరాలు కాలిపోయాయి కాబట్టే నొప్పి లేదు. అలాంటి గాయం రూపాయి బిళ్లంత ఉన్నా చూపించాలి.

మేర ఎంతైనా సరే, ముఖం, మెడ, చేతివేళ్లు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల మడతలు, చేతి చుట్టూ లేదా కాలి చుట్టూ పూర్తిగా కాలిన గాయం, కరెంటు, యాసిడ్, సున్నం, మూసిన గదిలో పొగ పీల్చడం, ఏడాది లోపు బిడ్డ: ఇవన్నీ నేరుగా ఆస్పత్రికే. దేవరకొండ, అచ్చంపేటల్లో మొదటి చికిత్స దొరుకుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులున్నాయి. చర్మం అతికించాల్సినంత గాయమైతే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులకు పంపుతారు. దారి దూరం కాబట్టి దగ్గరి ఆస్పత్రిలో సెలైన్ పెట్టించుకుని బయల్దేరడం మంచిది. మగతగా ఉన్నా, వాంతులవుతున్నా నోట్లో ఏమీ పోయకండి. ఆధార్, రేషన్ కార్డు, ఉంటే ఆరోగ్యశ్రీ కార్డు వెంట ఉంచుకోండి. పోలీసు కేసు రాస్తారేమోనని కొందరు ఏది పడిందో, ఎప్పుడు పడిందో మార్చి చెప్తారు. అలా చేయకండి. చాయా, గంజా, నూనెనా, ఎన్ని గంటలకు, నీళ్లు ఎంతసేపు పోశారు అన్నదాన్ని బట్టే చికిత్స మొదలవుతుంది.

బొబ్బల గురించి. పగలని బొబ్బ కింద చర్మం మానడానికి అదే మంచి కప్పు. పెద్దగా, పలచగా, కీలు మడతలో ఉన్నవాటిని డాక్టర్లు శుభ్రమైన పనిముట్లతో తీస్తారు, ఇంట్లో పిన్నీసుతో గుచ్చితే చీము పడుతుంది. అరచేతి కంటే చిన్న పైపొర గాయమైతే రోజూ సబ్బుతో చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి, పారాఫిన్ గాజ్ (గాయానికి అంటుకోకుండా జిడ్డు పూసిన పలుచటి కట్టు గుడ్డ) వేసి, పైన పొడి కట్టు గుడ్డ వేసి వదులుగా కట్టు కట్టాలి. మొదటి రోజు చూసి లోతు తేలదు, 48 నుంచి 72 గంటల్లో గాయం మారుతుంది. అందుకే డాక్టర్ మూడో రోజు మళ్లీ రమ్మంటే తప్పకుండా వెళ్లండి.

జ్వరం, వాంతులు, విరేచనాలు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, పాలు తాగకపోవడం, మగత: కాలిన వారం పది రోజుల్లో వీటిలో ఏది కనబడినా రాత్రైనా తీసుకెళ్లండి. చిన్న గాయంలోంచి కూడా క్రిముల విషం రక్తంలోకి పోయి పిల్లల ప్రాణం మీదికి రావచ్చు. గాయం బాగానే ఉంది, జ్వరం వేరే కారణం వల్ల అనుకుని ఇంట్లో ఉంచకండి.

మచ్చ మిగులుతుందా? రెండు వారాల్లోపు పూర్తిగా మానితే సాధారణంగా రంగు తేడాతో పోతుంది, అది కూడా నెలల్లో కలిసిపోతుంది. మూడు వారాలు దాటినా మానకపోతే గట్టి మచ్చ వచ్చే అవకాశం ఎక్కువ. ఆలోపే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలి. మీ బాబు విషయంలో నాకు మచ్చ కంటే మోచేయి ముఖ్యం. నొప్పికి పిల్లలు చేయి ముడుచుకునే ఉంచుతారు, అలాగే మానితే చర్మం ముడుచుకుపోయి చేయి పూర్తిగా చాపలేరు. రోజూ ఆటలాడిస్తూ చేయి చాపించండి, రాత్రి కట్టుకునే బద్ద కావాలేమో ఫిజియోథెరపిస్టును అడగండి. పూర్తిగా మానిన తర్వాత రోజుకు మూడు నాలుగు సార్లు కొబ్బరి నూనెతో ఐదేసి నిమిషాలు మర్దన చేయండి, దురద కూడా తగ్గుతుంది. పచ్చి గాయం మీద నూనె వద్దు. ఏడాది పాటు ఆ చోట ఎండ తగలకుండా పొడుగు చేతుల నూలు చొక్కా వేయండి.

ఇక ఇల్లు. "కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఒకే మనిషి వంట, బర్రె, చిన్నబిడ్డ అన్నీ చూసుకునే ఇంట్లో అది అయ్యే పని కాదు. వేడి వస్తువు ఉండే చోటు మార్చాలి. రెండేళ్ల బిడ్డ చేతులెత్తితే గట్టు అంచు సులువుగా అందుతుంది. దించిన గిన్నె గట్టు అంచున కాకుండా గోడ వైపుకు పోవాలి, పిడి లోపలికి తిరగాలి. వంటకు గోడ వైపు ఉన్న వెనక పొయ్యినే మొదట వాడాలి. నేల మీద పొయ్యి ఉంటే మూల గోడకు చేర్చి, ఎదుర నడుము ఎత్తు చెక్క అడ్డం పెట్టించండి. గ్యాస్ పొయ్యిని నేల మీద పెట్టి సకినాలు కాల్చే రోజుల్లో, అంటే సంక్రాంతి ముందు, పిల్లల్ని వేరే ఇంటికి పంపడమే మంచిది. కాగిన నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, నీళ్లకంటే చాలా లోతుగా కాలుస్తుంది.

గంజి వార్చిన బాగోనె నేల మీద వదిలేయడం మన ఇళ్లలో పెద్ద ప్రమాదం. గంజి, పప్పు, పాకం చర్మానికి అంటుకుని వేడిని వదలవు, జారిపోవు. వార్చిన వెంటనే ఎత్తులో పెట్టాలి. ఫంక్షన్లలో టెంటు వెనక సాంబారు, అన్నం డేగిసాల చుట్టూ తాడు కట్టించమని వంటవాళ్లకు చెప్పండి. పరుగెత్తే పిల్లలు వెనక్కి చూస్తూ వాటిలో పడతారు. చాయ్ తాగేటప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. కాచి పావుగంటైన చాయ్ కూడా పసిచర్మాన్ని కాల్చగలదు.

స్నానం బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. ఈ వరస తప్పితే బిడ్డ చెయ్యి పెట్టేసరికి మరిగే నీళ్లే ఉంటాయి. మోచేతితో చూసుకోండి, గోరువెచ్చగా, 37, 38 డిగ్రీలు చాలు. 60 డిగ్రీల నీళ్లు పసిపిల్లల చర్మాన్ని క్షణంలో లోతుగా కాలుస్తాయి, అందుకే గీజర్‌ను 50 దాటనీయకండి. హీటర్ రాడ్ పెట్టిన బకెట్ తలుపు వేసి ఉన్న బాత్రూంలోనే ఉండాలి. ప్లగ్ పీకిన తర్వాతే రాడ్ బయటికి తీయాలి. జలుబు చేసిందని పిల్లలకు వేడినీళ్ల గిన్నెతో ఆవిరి పట్టకండి. ఉపయోగం తక్కువ, ఒళ్లో ఒలికి కాలిన పిల్లలు ఎక్కువ. బాలింత గదిలో సాంబ్రాణి నిప్పుల కుంపటిని మంచం కింద పెట్టొద్దు. కామెర్లకు, ఫిట్స్‌కు, కడుపునొప్పికి చురకలు పెట్టించడం కొన్ని ఊళ్లలో, తండాల్లో ఇంకా ఉంది. అది వైద్యం కాదు, బిడ్డను కాల్చడమే. అసలు జబ్బుకు చికిత్స కూడా ఆలస్యమవుతుంది.

బండి సైలెన్సర్ కుడివైపు ఉంటుంది, పిల్లల్ని ఎడమవైపు నుంచే ఎక్కించండి, దించండి. సీసాల్లో పెట్రోలు వంటింట్లో ఉంచకండి, దాని ఆవిరి నేలబారున పొయ్యి దాకా పాకుతుంది. దీపాల దగ్గర నైలాన్ గౌన్లు వద్దు. బట్టలకు మంట అంటుకుంటే పరుగెత్తనివ్వకుండా పడుకోబెట్టి దొర్లించండి, గొంగడి గానీ తడి గోనెసంచి గానీ కప్పండి. నైలాన్ దుప్పటి కప్పితే కరిగి అంటుకుంటుంది.

తమలపాకు సున్నం, వెల్ల సున్నం కంట్లో పడితే నలపనివ్వకండి. పొడి ఉంటే ముందు దులిపి, రెప్పలు విప్పి పట్టుకుని అరగంట పాటు నీళ్లు పోస్తూ ఉండాలి, ఆ తర్వాత కంటి డాక్టర్. కరెంటు తగిలితే మెయిన్ ఆపనిదే బిడ్డను ముట్టుకోకండి. పైన చిన్న మచ్చే కనబడినా లోపల కండరం కాలి ఉండొచ్చు, గుండె లయ తప్పొచ్చు, కాబట్టి తప్పక ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పొలంలో స్టార్టర్ డబ్బాకు తాళం వేయండి.

చివరగా బూడిద. పీర్ల గుండం, కామదహనం చేసిన చోటు, వరి కొయ్యలు తగలబెట్టిన మడి, మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల ఊక బూడిద కుప్పలు పైకి చల్లగా కనబడతాయి. లోపల నిప్పు మరుసటి రోజు, ఊక బూడిదలో ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. చెప్పుల్లేకుండా అడుగేసిన పిల్లల పాదాలు లోతుగా కాలతాయి, అరికాలు చర్మం అతికించాల్సి వస్తుంది. చుట్టూ కంప వేయండి. దూరం నుంచి నీళ్లు పోసి, పొడుగు కర్ర పారతో తిరగేసి, మళ్లీ పోయాలి. ఒక్కసారి పోస్తే పైపొర మాత్రమే ఆరుతుంది.